భీమారావు కూలరు

భీమారావు ల్యాబులో గుండె ఆగి కూలిపోయిన రోజున ఫర్నేసు ఆపాలని ఎవరికీ తోచలేదు. అందులో ఉన్న పొడి మాడిపోయింది.

ఇనుప ఆక్సలేటును కాల్చి, క్యాసెట్ టేపుకు పూసే ఐరన్ ఆక్సైడ్ చేయడం అతని పని. అతను చేసిన పొడి కాఫీ రంగులో ఉండేది, అయస్కాంతానికి ఎగిరి అంటుకునేది. అతను పోయాక విద్యార్థులు ఎన్నిసార్లు కాల్చినా ఇటుకపొడిలాంటి ఎర్రపొడే వచ్చింది. అయస్కాంతం దాన్ని పట్టించుకోలేదు. బజారులో కొన్న పొడి చూపించాడేమోనన్న మాట డిపార్టుమెంటులో పుట్టింది. ప్రొఫెసరు అతని పరిశోధన వ్యాసాన్ని పత్రికకు పంపకుండా పక్కన పెట్టేశారు.

రైల్వే బడిలో కెమిస్ట్రీ చెప్పే అతని చెల్లెలు ఊర్మిళ ఆ మాట విని, వేసవి సెలవులు ల్యాబులో గడుపుతానని ప్రొఫెసరును అడిగింది. బడి తెరిచేవరకే అన్నారాయన. అన్న చేసినట్టే అన్నీ చేసింది. ఆమెకూ ఎరుపే వచ్చింది.

ఒక మధ్యాహ్నం వడగాలికి తల తిరిగి గుఢియారీ బస్తీలో అన్న ఇంటికి వెళ్ళింది. భీమారావు తన డబ్బుతో కొని ల్యాబులో పెట్టుకున్న కూలరు, అతని సామానుతో పాటు ఇంటికి చేరింది. వదిన సరోజిని దానిలో బకెట్టుతో నీళ్ళు పోస్తోంది.

"ఇదొచ్చిన కాణ్ణుంచి అప్పడం కరకరలాడ్డం మానేసిందమ్మా. గదంతా చెమ్మే. మీ అన్న దీన్ని మొహమ్మీదే పెట్టుకుని కూకునీవోడంట కదా?"

"మొహమ్మీద కాదు వదినా, ఫర్నేసు పక్కన," అంటూ ఊర్మిళ సగంలో ఆగిపోయింది. కూలరు గాలికి చెయ్యి అడ్డం పెట్టి, దాని తడి చూసి అడిగింది. "దీన్ని నాకు ఇస్తావా?"

"తీసుకెళ్ళు. ఆయన లేకుండా చల్లగా పడుకోడం నాకు చేతకావట్లేదు."

కూలరు రిక్షా ఎక్కి మళ్ళీ ఫర్నేసు పక్కకు చేరింది. ఆ తడిగాలిలో కాల్చిన పొడి కాఫీ రంగులో వచ్చింది. ఊర్మిళ అంతటితో ఒప్పుకోలేదు. కూలరు ఆపి, గాలిని నీళ్ళ సీసాలోంచి బుడగలుగా పంపి కాల్చింది. మళ్ళీ కాఫీ రంగే. తేమ లేని గాలిలో కాల్చింది. ఎరుపు.

తర్వాత, ఒక్కో పదార్థానికి ఒక్కో తీరు గీత గీసే ఇన్‌ఫ్రారెడ్ యంత్రం తన పొడికి గీసిన గీతను, అన్న పొడికి ఇదివరకు గీసిన గీత మీద పెట్టి, రెండు కాగితాలనూ కిటికీ అద్దానికి ఆనించింది. ఎండ వెలుగులో రెండు గీతలూ ఒక్కటిగా కనిపించాయి. లోయ కింద లోయ, మలుపు కింద మలుపు. ప్రొఫెసరు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"భీమారావ్ సహీ థా," భీమారావు చెప్పింది నిజమేనని, అన్నారు అందరికీ వినబడేలా. ఆ సాయంత్రమే వ్యాసం పంపారు, నీటి ఆవిరి గురించి ఊర్మిళ రాసిన పేజీ చేర్చి, అన్నాచెల్లెళ్ళిద్దరి పేర్లతో.

ల్యాబుకు ఇక నీళ్ళ సీసా చాలు. రిక్షాలో కూలరు పట్టుకుని వదిన ఇంటికి వెళ్తూ ఊర్మిళ దారిపొడవునా తల ఎత్తుకునే కూర్చుంది.

ఆ పొడిని టేపు మీద పూసి ఒక్క మాటైనా రికార్డు చేసి వినాలని భీమారావు అనుకున్నాడు. అది ఇంకా జరగలేదు.