నూట నలభై రెండు గుర్రాలు

మూడు వందల ఇరవై గుర్రాల బలం ఉండాల్సిన ఇంజన్, ఆ పాతకాలపు కారును బలం కొలిచే రోలర్ల మీద ఎక్కించి తొక్కితే, నూట డెబ్భై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

ఆ ఇంజన్ విప్పి బిగించింది నేను. ఎనిమిది నెలలు పట్టింది.

బండి యజమాని పళ్ళ డాక్టరు. చక్రాల కింద రోలర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. షెడ్డంతా కాలిన నూనె కంపు. ఆయన తెర మీది అంకె చూసి నా వైపు తిరిగాడు.

"నేను రోగికి చెప్పి పీకుతానమ్మా పన్ను. నువ్వు చెప్పకుండా పీకావు. అసలు పిస్టన్లు ఎవరికి అమ్ముకున్నావ్?"

"అన్నీ లోపలే ఉన్నాయి డాక్టరుగారూ."

"మరి నూట నలభై రెండు గుర్రాలు గడ్డి మేయడానికి వెళ్ళాయా?"

మూడు రోజుల్లో ఈ మాట పాత కార్ల వాళ్ళందరికీ పాకింది. నా దగ్గర విప్పి ఉన్న మూడు బళ్ళనూ ఉన్నవి ఉన్నట్టు డబ్బాల్లో సర్ది ఇచ్చెయ్యమన్నారు. ఒకాయనైతే నా ఎదుటే కూర్చుని బోల్టులు ఏరి చూసుకున్నాడు. గ్రీజు సబ్బుతో పోతుంది, ఆ చూపు పోలేదు. డాక్టరు శనివారం దాకా గడువిచ్చాడు. ఆ లోపల తేల్చకపోతే దొంగతనం కేసు. ఆ తర్వాత నా చేతికి స్పానర్ ఇచ్చేవాడుండడు.

ఇంట్లో అడగదగ్గ మనిషి ఒక్కరే, మావయ్యగారు. మా ఆయన వాళ్ళ నాన్న. ఆ బండి పుట్టిన ఫ్యాక్టరీలోనే ఒకప్పుడు ఇంజన్ల పరీక్ష గదికి పెద్ద. మూడు వందల ఇరవై అన్న మాట ఎత్తకుండా ఏ చుట్టంతోనూ కబుర్లు మొదలుపెట్టరు.

"ఎక్కడ తప్పు చేశానంటారు మావయ్యగారూ?"

"పిస్టన్ రింగులు సరిగ్గా కూర్చోలేదేమో అమ్మాయ్," అని కంచం వంకే చూస్తూ అన్నారు.

మళ్ళీ విప్పాను. రింగులు లక్షణంగా కూర్చున్నాయి. అన్ని సిలిండర్లలోనూ ఒత్తిడి ఒక్కలాగే ఉంది.

అప్పుడు తట్టింది. ఆ రోజుల్లో ప్రకటనల కోసం ఇంజన్‌ను బండిలో పెట్టి కొలిచేవాళ్ళు కాదు. దాని బలం తినే ప్రతిదీ ఊడదీసి, స్టాండు మీద ఒంటరిగా పరిగెత్తించి కొలిచేవాళ్ళు. కొనేవాడికిచ్చేది మాత్రం అన్నీ తగిలించిన ఇంజన్. పెళ్ళిచూపుల్లో ఒకరిని చూపించి పీటల మీద ఇంకొకరిని కూర్చోబెట్టినట్టు.

శనివారం పొద్దున్నే అదే షెడ్డు. డాక్టరు వచ్చాడు. "నేనూ వస్తానమ్మాయ్, తోడుగా," అని మావయ్యగారూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

ఫ్యాన్ తీశాను. డైనమో బెల్టు తీశాను. గాలి వడపోత డబ్బా, సైలెన్సర్ పీకి పక్కన పడేశాను. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరాయి. వేడెక్కేలోపే తొక్కాను.

రెండు వందల ఆరు. ఇంజన్ ఆపేశాను.

"చూశారా? ఇది చక్రాల దగ్గర," అన్నాను. "గేర్లూ ఇరుసులూ మధ్యలో మింగేది ఓ నలభై అయిదు. కలిపితే ఇంజన్ దగ్గర రెండొందల యాభై ఒకటి."

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "ఇంకా డెబ్భై తక్కువ. అవి నీ జేబులో ఉన్నాయా?"

జవాబు వెనక కుర్చీలోంచి వచ్చింది.

"కార్బురేటర్ మీద ఐసు పెట్టలేదుగా! పెట్టి లోపలికెళ్ళే గాలి చల్లబరిస్తే ఇంకో ఏడెనిమిది దొరుకుతాయ్. అంతకు మించి రావు. మాకూ రాలేదు."

ముప్ఫై ఏళ్ళ అలవాటు, నోరు జారింది. మావయ్యగారు తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. మాట తుడుచుకుపోలేదు.

"మీకూ రాకపోతే ఆ మూడొందల ఇరవై ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాను.

ఆయన తువ్వాలు మడతపెట్టుకుంటున్నారు. రోజూ నా చేత్తో మందులు మింగే మనిషి. ఎప్పుడూ లేనిది, "గారూ" అనడానికి నోరు రాలేదు.

"మిమ్మల్నే, చెప్పండి."

డాక్టరు కుర్చీ దగ్గరికొచ్చాడు. మావయ్యగారు నేలకేసి చూస్తూ చెప్పారు.

"నేనే రాశాను. ఏరి ఏరి చేత్తో బిగించిన ఇంజన్ అది. నాలుగు రోజులు పరిగెత్తించాం. రెండొందల అరవై దాటలేదు. పక్క కంపెనీవాడు మూడొందల పది అని ఊరంతా బోర్డులు కట్టాడు. అమ్మకాల వాళ్ళు ఖాళీ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. ఎవరూ పీక మీద కత్తి పెట్టలేదు. మూడొందల ఇరవై అని రాసి సంతకం చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు, నాకు పెద్ద కుర్చీ వచ్చింది. డాక్టరుగారు నిన్ను దొంగ అన్న రోజే నాకు తెలుసమ్మాయ్, నువ్వేమీ తియ్యలేదని. రింగులని అన్నప్పుడూ తెలుసు. చెబితే ఈ వయసులో నలుగురూ నా మొహం మీద ఉమ్ముతారు. నువ్వు చిన్నదానివి, ఇంకో పని ఏదో చూసుకుంటావులే, అనుకున్నాను."