వీపు మీది పని

మా అక్క వీపు కొలత పట్టుకుని నాలుగు నెలలు మగ్గం మీద కూర్చున్నాను. గ్యాలరీ వాళ్ళు ఒక్క గంటలో ఆ నేతని సగం చేసేశారు, గుండుసూదులతో.

మా అక్కది పెద్ద ఒళ్ళు, చిన్నప్పటినుంచీ అంతే. బట్టల కొట్టుకి వెళితే గుమాస్తా ఆవిణ్ణి చూసి, ఏం కావాలో అడక్కముందే తల అడ్డంగా ఊపేవాడు. ఒకడైతే కర్టెన్లు పై అంతస్తులో ఉన్నాయని చెప్పాడు. అక్కడ నవ్వేసి వచ్చింది గానీ ఇంట్లో రెండు రోజులు సరిగా తినలేదు. నేను ముప్పై ఏళ్ళుగా ఎవరెవరి ఒళ్ళకో నేస్తున్నాను, తోడబుట్టినదానికి ఒక్కటి నెయ్యలేదు. ఆ మాట అక్క ఎప్పుడూ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకని నేశాను. మెడనుంచి పిక్కల దాకా వేలాడే అంగీ. ఎక్కడా కత్తెర పడలేదు. తల దూరే సందు కూడా మగ్గం మీదే, రెండు నూలు కండెలతో అటూ ఇటూ విడివిడిగా నేసి వదిలాను. ముందంతా సాదా నీలం. పనంతా వెనకే. మెడ దగ్గర వేలెడు సన్నంగా మొదలైన ఎర్ర చార కిందికి వచ్చేకొద్దీ వెడల్పై, నడుం దగ్గర రెండు జానలు పరుచుకుంటుంది. ఆ ఎరుపు ప్రతి వరసా చేత్తో దూర్చిందే. చిన్న వీపు మీద అది పట్టదు.

గ్యాలరీ నడిపే మేడమ్ ఒకావిడ దాన్ని అక్క ఒంటి మీదే చూసింది. నూలు కొట్టు నుంచి బస్‌స్టాప్ దాకా వెనకాలే నడిచొచ్చి, ఎవరు నేశారని అడిగిందట. తరవాత ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఒంటికి తొడుక్కునే కళ అని ప్రదర్శన పెడుతున్నారట, ఒక నెల ఇవ్వగలరా అంది. నా మొహం చూసి అక్క సరేనంది. ఇన్విటేషన్ కార్డు మీద మా అంగీ ఫోటోనే వేశారు, కింద నా పేరు. కరెంటు బిల్లు వదిలేస్తే నా పేరు అచ్చులో చూడ్డం అదే మొదలు.

ప్రదర్శన తెరిచే రోజు మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. తెల్ల గోడలు, కొత్త పెయింటు వాసన, నిచ్చెన మీద ఒకాయన లైట్లు తిప్పుతున్నాడు. గోడ వారగా చెక్క దిమ్మ, దాని మీద తల లేని బొమ్మ, బొమ్మకి మా అంగీ. ముందునుంచి బాగానే ఉంది. గోడకీ బొమ్మకీ మధ్య దూరి వెనక చూశాను. మడత మీద మడత వేసి, పైనుంచి కింద దాకా సూదులు గుచ్చారు. రెండు జానల ఎరుపు పట్టీ ముక్క అయిపోయింది.

మేడమ్ ఓపిగ్గానే చెప్పింది. బొమ్మలన్నీ ఒకే సైజులో వస్తాయట. ఊరికే తొడిగితే గోనెసంచిలా వేలాడుతోందట. వెనక భాగం ఎలాగూ గోడ వైపే కదా అంది. పెద్ద బొమ్మ తెప్పించమన్నాను. అంత లావు బొమ్మలు ఎవరు చేస్తారండీ అని నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, సూదులకంటే ఆ నవ్వే నాకు గుచ్చుకుంది.

అయినా ఊరుకున్నాను. అబద్ధం ఎందుకు. గోడ మీద నా పేరు రాసిన అట్టముక్క కనపడుతోంది. నెల రోజులే కదా, సూదులు తీస్తే చార మళ్ళీ పరుచుకుంటుంది కదా అని లోపల బేరం మొదలెట్టాను. అక్క నన్ను చూసింది. చంకనెత్తుకుని పెంచిన మనిషి, ఆ మాత్రం కనిపెట్టదా.

"నువ్వు నేసింది నాకా, ఈ బొమ్మకా?" అంది.

"నీకే అక్కా."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

అక్కే బొమ్మ వెనక్కి దూరబోయింది. పట్టలేదు. దాంతో బొమ్మనే దిమ్మ మీంచి ఇవతలికి దించింది. సూదులు ఒక్కొక్కటే తీసి మేడమ్ అరచేతిలో పెట్టింది. అంగీ ఊడదీసి, వేసుకున్న బట్టల మీదే తొడుక్కుంది.

మేడమ్ మొహం మాడిపోయింది. మనుషుల్ని ప్రదర్శనకి పెట్టే పద్ధతి తమకి లేదంది. సూదులైనా ఒప్పుకోండి, లేదా తీసుకెళ్ళిపోండి అంది. మీరు కళాకారులు, మీరైనా మీ అక్కగారికి చెప్పండి అని నా వైపు తిరిగింది.

నా పేరున్న అట్టముక్క గోడ మీంచి పీకి జేబులో పెట్టుకున్నాను.

"నేను నేతగాణ్ణి మేడమ్," అన్నాను. "ఆ అంగీ ఆవిడ ఒంటికి నేసింది. ఆవిడ ఉంటే అదీ ఉంటుంది. వద్దంటే ఇద్దరం పోతాం. కార్డు మీద ఫోటో చూసి వచ్చినవాళ్ళకి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం."

మేడమ్ గడియారం చూసుకుంది, బొమ్మ వైపు చూసింది. జనం రావడానికి గంట కూడా లేదు. చివరికి, ఈ ఒక్క పూటకి, రేపు పొద్దున్నే మీ వస్తువు మీరు తీసుకుపోవాలి అంది. సరేనన్నాను.

అక్క మాత్రం ఇంకో షరతు పెట్టింది. "నిలబడను. కూర్చోడానికి ఏదైనా వెయ్యండి. బొమ్మకి మోకాళ్ళ నొప్పులుండవు, నాకున్నాయి."

లైట్లాయన నిచ్చెన దిగి స్టూలు తెచ్చాడు. అక్క దాన్ని దిమ్మ మీద వేయించి, గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. ఎర్ర చార మెడనుంచి నడుం దాకా, నేను నేసినట్టే నేసినంతా, విప్పారింది. వచ్చేది పెద్దవాళ్ళు, వాళ్ళకి వీపు చూపిస్తే బాగోదేమో అని మేడమ్ నసిగింది.

"వాళ్ళు నా మొహం చూడ్డానికి రావట్లేదు కదమ్మా," అంది అక్క గోడతో.

జనం వచ్చారు. గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఒకాయన బొమ్మ భలే సహజంగా ఉందన్నాడు. అప్పుడే అక్క దగ్గింది, ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. మేడమ్ మూడుసార్లు వచ్చి, కాస్త ఇటు తిరుగుతారా అని చెవిలో అడిగింది. అక్క తిరగలేదు.

నేను దిమ్మ పక్కన నిలబడ్డాను, వచ్చినవాళ్ళ వైపు తిరిగి. చేతులు కట్టుకోలేదు. ఎవడైనా నవ్వుతాడేమోనని ఒక్కొక్క మొహమే చూస్తూ, గ్యాలరీ మూసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.