నీళ్ళ చప్పుడు ఎడమ చెవికి

"ఈసారి పులిహోరలో జీడిపప్పు తక్కువేసినట్టున్నావే," అన్నాడు మా ఆయన, గిన్నెలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంటూ.

తెల్లవారుజాము ఐదు గంటలు. ఇరవై నాలుగు డబ్బాలు వంటింటి గచ్చు మీద వరసగా పరిచి, ఒక్కోదాంట్లో రెండేసి గరిటెలు పెడుతూ వంగిన నడుం ఇంకా ఎత్తలేదు నేను. చింతపండు పులుసు ముందురోజు సాయంత్రమే ఉడికించాను. నాలుగింటికి లేచి అన్నం వార్చాను. దద్ధోజనం కలిపాను, ఉడికిన గుడ్లు ఒలిచాను. ఇవేవీ ఆయనకు కనపడవని కాదు. కనపడాల్సినవిగా అనిపించవు, అంతే. నేను తలెత్తకుండానే "సరేలే, వచ్చేవారం ఎక్కువేస్తా," అన్నాను. ఆ మాట కూడా అలవాటే.

మా ఆయన శివాజీ మూడేళ్ళ కిందటి దాకా మాచర్ల నాపరాళ్ళ క్వారీలకు లారీ తోలాడు. నడుం పట్టేసి మానేశాడు. ఆరు నెలలు మంచం మీద ఫోను చూసుకుంటూ గడిపాడు. ఆ రోజుల్లోనే అడవిలో నడకదారులు తెరిచారని, పర్మిషన్ తీసుకుని మనుషుల్ని తిప్పుకోవచ్చని తెలిసింది. "ఎత్తిపోతల ఎవరైనా పోయి చూసొస్తారు. అభయారణ్యం లోపల జంటమడుగుల జలపాతం ఎవురికి తెలుసు? నువ్వు తీసుకపో," అన్నది నేనే. పాత క్యాలెండర్ కాగితం వెనక దారి గీసి ఇచ్చిందీ నేనే.

మా నాన్న బాలకోటయ్య ఫారెస్టులో వాచర్. అమ్మ పోయాక నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక తన వెంట తిప్పుకున్నాడు. తొమ్మిదో ఏటి నుంచి పెళ్ళయ్యేదాకా, బడి లేని ప్రతిరోజూ ఆ అడవే నాకు ఇల్లు. కొత్త కోడలిగా వచ్చిన వారంలో ఎలుగుబంటి అడుగులు ఎట్లా ఉంటాయో మా అత్త సుబ్బరత్నానికి ఉత్సాహంగా చెప్పబోయాను. "ఒరేయ్ శివాజీ, అడవి మనిషిని తెచ్చావు గదరా," అందామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ కబుర్లు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం నరసరావుపేట నుంచీ గుంటూరు నుంచీ మనుషులొస్తారు. ఆయన మెడలో విజిల్ వేసుకుని ముందు నడుస్తాడు. నా పులిహోర ఫోటో పెట్టి 'ఇంటి భోజనం' అని రాస్తాడు. ఇల్లు ఉంటే భోజనం దానంతట అదే వస్తుందేమో మరి. ఒకసారి నేనూ వస్తానని అడిగాను. "నువ్వొస్తే వంటెవురు చేస్తారే? అమ్మని బాత్రూమ్‌కి ఎవురు తీసుకెళ్తారు? అయినా నువ్వు చూడంది ఏముంది అక్కడ?" అన్నాడు. చూసినదాన్ని మళ్ళీ చూడాలనుకోవడమూ ఒక కోరికేనని ఎట్లా చెప్పాలో తెలియలేదు. చెప్పే ఓపికా లేదు. అంట్లు మిగిలి ఉన్నాయి.

ఆ ఆదివారం పొద్దున బాగానే ఉంది. పదకొండింటికి అడవి వైపు ఆకాశం నల్లబడింది. మా ఇంటి మీద నాలుగు చినుకులే పడ్డాయిగానీ, పైన కొండల్లో కుమ్మరించిందని గాలిని బట్టే తెలిసింది. రెండున్నరకు ఫోను మోగింది.

"ఏమే, వాగు పొంగింది," అన్నాడు. గొంతు ఆయనది కాదు. "పొద్దున మోకాలి లోతు లేదు. జలపాతం చూసి వెనక్కొచ్చేసరికి మనిషి లోతయింది. అందరం జలపాతం వైపే ఇరుక్కుపోయాం. ఇద్దరు పిల్లలున్నారు. గుట్టెక్కితే గానీ సిగ్నల్ దొరకలేదు. ఏం చెయ్యాల?"

అదే సమయానికి మా అత్త బాత్రూములోంచి కేకేసింది. "ఏమే కోటేశ్వరీ, ఎంతసేపు కూచోబెడతావే నన్ను?"

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వెళ్ళాను. ఆమె చంకల కింద చేతులు వేసి లేపుతూ, "అందర్నీ గుట్ట మీదికి రమ్మను," అన్నాను. "వాగు దాటొద్దు. ఎవరన్నా ఈతొచ్చంటే నమ్మొద్దు. గుట్ట నెత్తి మీదనే పడమటికి పో. ఏనుగు పడుకున్నట్టు నల్లబండ వస్తది. దాని వెనక వెదురు కొట్టే కూపోళ్ళ పాత బండ్ల దారి ఉంది."

"కనపడుద్దా?"

"కంటికి కనపడదు, గడ్డి కప్పేసి ఉంటది. కాలికి తెలుస్తది, గట్టిగా తగుల్తది. అక్కణ్ణించి నీళ్ళ చప్పుడు ఎడమ చెవికి ఉండాల. కుడి చెవికి మారిందంటే ఆగిపో, వచ్చినదారినే వెనక్కి రా."

"ఎవురే ఫోన్లో?" అంది అత్త.

"మీ అబ్బాయే. చీర పట్టుకో అత్తా, జారుద్ది." మళ్ళీ ఫోన్లోకి, "దారి రెండుగా చీలుద్ది. బాగున్న దారి పట్టొద్దు, అది పశువులు నీళ్ళకి దిగే దారి, నేరుగా మడుగులోకి పోద్ది. బాగలేని దారి పట్టు. చివర్న పాత చెక్‌పోస్టు గోడ ఉంటది. బస్సు అక్కడికి తెమ్మని నౌషాద్‌కి నేను చెప్తా. ఏదీ, నేను చెప్పింది మొత్తం తిరిగి చెప్పు."

చెప్పాడు. రెండుచోట్ల తప్పాడు. దిద్దాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను చెప్పినదాన్ని ఆయన వెనక్కి అప్పజెప్పడం అదే మొదటిసారి. గుట్ట దిగితే సిగ్నల్ ఉండదు. ఫోను పెట్టేశాడు.

డ్రైవర్ నౌషాద్‌కి చెప్పాను. అత్తను మంచం మీద పడుకోబెట్టాను. ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేస్తే, చీకటి పడేలోపు రాకపోతే మనుషుల్ని పంపుతామన్నారు. ఇక చెయ్యడానికేమీ లేక బియ్యం కడిగాను. వాళ్ళు వస్తే ఆకలితో వస్తారు. బియ్యంలో చేయి పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నేను చెప్పిన అడవి ఇరవై ఏళ్ళ కిందటిది. బండలు కదలవుగానీ దారులు కొట్టుకుపోతాయి. ఎవరికైనా ఏదైనా అయితే అది నా నోటి నుంచి పోయిన మాట వల్లే. నా మాట మీద ఈ ఇంట్లో టీవీ ఛానలు కూడా మారదు, ఇవాళ ఇరవై నాలుగు మంది నడుస్తున్నారు. పప్పులో పోపు వేస్తూ కూడా నేను వాళ్ళ వెంటే ఉన్నాను. ఇప్పుడు బండ దగ్గరికి చేరుంటారు, ఇప్పుడు పిల్లలు కూర్చుంటామని ఏడుస్తుంటారు, ఇప్పుడు చీలిక. బాగలేని దారి, బాగలేని దారి అని పైకే అనుకుంటున్నాను. పోపు మాడింది. మళ్ళీ వేశాను.

ఆరుంబావుకు బస్సు వచ్చింది. ఒక్కొక్కరూ దిగుతుంటే లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. మా ఆయన చివర దిగాడు, మోకాళ్ళ దాకా బురద.

వరండాలో విస్తళ్ళు వేశాను. ఆకలి తీరాక మాటలొచ్చాయి. షెర్లీ అని నరసరావుపేటలో నర్సుగా చేసే అమ్మాయి, "శివాజీగారూ, ఇవాళ మీరు లేకపోతే మా గతేంటండీ! అడవి మొత్తం మీ అరచేతిలో ఉంది," అంది. చప్పట్లు కొట్టారు. "ఇంతకీ గుట్ట మీద ఫోన్ చేసి దారడిగారే, ఎవరండీ ఆయన?"

నేను పప్పు గిన్నెతో వాళ్ళ మధ్యనే ఉన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు.

"పాత వాచరొకాయన ఉన్నాడులేమ్మా. మనకి చానా తెలిసిన మనిషి."

"పాపం, ఆ పెద్దాయన ఎంత ఓపిగ్గా చెప్పాడో! ఒకసారి మాకు చూపించండి, దణ్ణం పెట్టుకుంటాం."

"ఆయన ఎవురికీ కనపడడమ్మా, ఎక్కడో లోపలుంటాడు," అన్నాడు.

"కొంచెం పప్పు వెయ్యమంటారా?" అన్నాను షెర్లీతో. "చాలండీ అక్కా," అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

కోపం వచ్చిందా అంటే, రాలేదు. కోపానికి కొంత బలం కావాలి. ఒక్క ముక్క మాత్రం లోపల కూర్చుండిపోయింది. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా ఆయనకు ఒక మగవాడు కావలసి వచ్చాడు. లేని మనిషిని పుట్టించడం, ఎదురుగా పప్పు వడ్డిస్తున్న మనిషి పేరు చెప్పడం కంటే తేలికయింది.

అందరూ వెళ్ళాక విస్తళ్ళు ఎత్తి, గచ్చు కడిగాను. మా ఆయన స్నానం చేసి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోను నా ముందు పెట్టి ఏదో నొక్కాడు.

"ఆ దారి మొత్తం ఇందులో చెప్పు. మొదట్నించి, నిదానంగా. మీ నాన్నతో తిరిగినవి ఇంకేమన్నా ఉంటే అయ్యి కూడా చెప్పు. వచ్చేవారం నుంచి కొత్త ట్రైల్ పెడతా. జనం ఎగబడతారు."

ఫోను మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. నోరు తెరిచాను. చెప్పడానికే తెరిచాను, అలవాటు అటువంటిది. నల్లబండ, కూపు దారి, నాన్న నాకొక్కదానికే చూపించిన ఊట, అన్నీ నాలుక చివరికొచ్చాయి. ఇవన్నీ ఆ చుక్కలోకి పోయాక ఇక నాకంటూ మిగిలేది అంట్లూ అత్తా అనిపించింది.

"గుర్తు లేదు," అన్నాను.

"ఏంది? మధ్యాహ్నం గడగడా చెప్పావుగా!"

"కూచుని చెప్పమంటే రాదయ్యా. నడిస్తే కాళ్ళకి గుర్తొస్తది. ఆదివారం నేను ముందు నడుస్తా, నువ్వు నా వెనక రా."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. "మరి వంట?"

లోపల్నించి అత్త, "నన్నెవురు చూస్తారే?" అంది.

"పక్కింటి మస్తానమ్మని మాట్లాడుకోండి," అన్నాను ఇద్దరికీ వినపడేట్టు. "రెండు పనులూ బాగా చేస్తది. కాకపోతే కూలి ముందే అడుగుద్ది. ఆమె మీ ఇంటి కోడలు కాదు గదా."