దొరసాని ఎడమకాలి పిల్ల

దొరసాని సంచి నేనే సర్దాను. పాత శాలువా మడిచి అడుగున పెట్టాను. దాని మీద మందు సీసా, దువ్వెన, కొరికి కొరికి సగమైన రబ్బరు ముక్క. తిండి గిన్నె కూడా పెట్టి, మళ్ళీ తీసి నా మంచం కింద దాచేశాను.

ఇది నాకున్న అలవాటు. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా వాళ్ళ సామానులోంచి ఒక వస్తువు కాజేస్తాను. దానికోసమైనా తిరిగొస్తారని నా ఆశ. మా చెల్లెలి కళ్ళజోడు, మా అబ్బాయి గడ్డం గీసుకునే బ్రష్షు, ఆఖరికి మా ఆడపడుచు పళ్ళసెట్టు కూడా తీశాను. పళ్ళసెట్టు కోసం ఆవిడ బస్సు దిగి మరీ వచ్చింది. చాలాసేపు తిట్టింది గానీ, పళ్ళు లేవు కాబట్టి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అందరూ తిట్టారు, అందరూ తిరిగొచ్చారు. అయితే గిన్నె మరిచిపోయానని కుక్కకి తోస్తుందా అన్నది నాకూ అనుమానమే.

దొరసాని మా కుక్క. మా అబ్బాయి బూట్లు కుడతాడు. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు, మధ్యలో తోలు కోసే బల్ల. ఆ బల్ల కిందే దొరసాని కాపురం. పోయిన నెల దాకా అంత మర్యాదస్తురాలు వీధి మొత్తంలో లేదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ కాలు వాసన చూసేది. నచ్చితే తోక ఊపేది, నచ్చకపోతే అటు తిరిగి పడుకునేది.

కాన్పు కష్టమైంది. రాత్రంతా నొప్పులు పడింది, మర్నాడూ పడింది. చివరికి పశువుల డాక్టరమ్మ కడుపు కోసి తీసింది. పిల్లల్లో ఒక్కటీ బతకలేదు. తల్లి దక్కడమే గొప్ప అన్నారు. కుట్లతో ఇంటికొచ్చిన దొరసాని ముఖం పాతదే, లోపల మాత్రం ఇంకెవరో ఉన్నారు.

ముందు ఇల్లంతా వెతికింది. తలుపు వెనక, నీళ్ళ తొట్టి వెనక, నా బట్టల పెట్టెలో. తరవాత వెతకడం మానేసి ఏరుకోవడం మొదలెట్టింది. పసిపిల్లల కోసం కుట్టిన మెత్తటి బూటొకటి బల్ల కిందికి చేరింది. మర్నాడు ఇంకో జతలోది ఒకటి. వాటిని పొట్టకి హత్తుకుని పడుకుని, తడిసి ముద్దయ్యేదాకా నాకేది.

మాకు ఆ సంగతి వెంటనే తెలియలేదు. జతలో ఒక్కొక్కటే మాయమవుతుంటే అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. కొనేవాళ్ళు మళ్ళీ రావాలని దాచేస్తున్నావా అని మా అబ్బాయి నిలదీశాడు. ఇంత మంచి ఆలోచన నాకెందుకు రాలేదా అనిపించింది. మా కోడలు నా మంచం కింద దూరింది. బూట్లు దొరకలేదు గానీ, ఎప్పుడో పుట్టింటికి వెళ్తూ పోగొట్టుకున్న తన గొడుగు దొరికింది. దాంతో నేను చెప్పే ఏ మాటకీ విలువ లేకుండా పోయింది.

అసలు దొంగని ఊడుస్తూ ఊడుస్తూ కోడలే పట్టుకుంది. చీపురుతో ఒక బూటు లాగబోతే దొరసాని పళ్ళు చూపించింది. అయినా లాక్కున్నారు. అది మరోటి తెచ్చుకుంది. అదీ లాక్కున్నారు. లాక్కున్నకొద్దీ అది గుర్రుమనడం పెరిగింది. నిన్న కోడలి చేతికి పళ్ళు తగిలాయి. గాటు పడలేదు గానీ మా అబ్బాయి మనసు విరిగింది. కోడలి అన్నకి కబురు పెట్టాడు. ఆయనకి కలప అడితి ఉంది. కాపలాకి ఒక కుక్క కావాలని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. అక్కడ కుక్కని పగలూ రాత్రీ గొలుసుతో స్తంభానికి కట్టేసి ఉంచుతారు.

నాకు చదువు బూట్ల వల్ల వచ్చింది. కొత్త బూటు ముందుభాగం అణగకుండా పాత పేపరు ఉండ చేసి కూరుతాం. ఆ ముక్కలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. కాబట్టి నాకు తెలిసినవన్నీ సగం సగమే. అలాంటి ఒక ముక్కలో మా ఇంటి కథే కనిపించింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికుక్క వస్తువుల్ని పిల్లలనుకుంటుందట. ఆ సమయంలో ఇంట్లోవాళ్ళు ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడని పని ఏమిటంటే, అని ఉంది. అక్కడ చిరిగిపోయింది.

మిగతా సగం కోసం డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. పాలు ఊరుతున్నాయి, పిల్లలున్నారని ఒళ్ళు చెబుతోంది, కంటికి మాత్రం కనబడటం లేదు, మరి అదేం చేస్తుంది అంది ఆవిడ. చేయకూడని పని మేం రోజూ చేస్తున్నదే. కళ్ళెదుట లాక్కోకూడదు. ఒకరు దాన్ని బయట తిప్పుతుంటే ఇంకొకరు ఒక్కొక్కటీ తీసెయ్యాలి. కొన్ని వారాల్లో సర్దుకుంటుందంది. ఆ మాట చెబితే, ఆ కొన్ని వారాలూ వీధిలో పిల్లలంతా ఒంటికాలి మీద గెంతుతూ తిరగాలా అన్నాడు మా అబ్బాయి. వెళ్ళి సంచి సర్దమన్నాడు.

సాయంత్రం కోడలి అన్న వచ్చాడు. గుమ్మం పట్టనంత మనిషి. నవ్వితే గోడకి వేలాడే బూట్ల కొయ్య అచ్చులు కదులుతాయి. నన్ను చూడగానే ఎప్పట్లాగే రెండు జేబులూ చేతులతో మూసుకున్నాడు.

"ఈసారి నా దగ్గర పోవడానికేం లేదత్తయ్యా. ఈ ఒళ్ళు తప్ప."

"అది నా మంచం కింద పట్టదులే నాయనా," అన్నాను.

ఆయన కుడి బూటు మడమ అరిగిపోయి ఉంది. సొంత బావని అరిగిన మడమతో పంపడం మా అబ్బాయికి నామోషీ. రెండూ విప్పించి, కుడిదాన్ని ఒళ్ళో పెట్టుకుని మేకులు కొట్టడం మొదలెట్టాడు. ఎడమది కుర్చీ పక్కనే ఉంది. ఆయన దొరసాని కోపం గురించి అడిగి అడిగి చెప్పించుకున్నాడు, విని మురిసిపోయాడు. అడితికి అలాంటి కోపమే కావాలట. కోడలు దొరసాని సంచిలో తన పాత స్వెట్టరు కూడా పెట్టడం నేను అంతకుముందే చూశాను.

మడమ పూర్తయింది. ఆయన కుడిది తొడుక్కుని, ఎడమదాని కోసం చెయ్యి చాపాడు. బూటు లేదు.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

నేను నిజంగా తీయలేదు. ఆ మాట అనబోతూ బల్ల కిందికి చూశాను. దొరసాని ముందుకాళ్ళ మధ్య ఉంది ఆ బూటు. పడవంత ఉంది, చెమట కంపు కొడుతోంది. ఏ తల్లికీ అంత అనాకారి పిల్ల పుట్టి ఉండదు. అయినా దానికి ముద్దొచ్చింది. మిగతా పిల్లల్ని వెనక్కి నెట్టేసి దీన్నే నాకుతోంది. నేను నిజం చెబితే ముగ్గురూ వంగుతారు, ఎవరో ఒకరు చెయ్యి పెడతారు, ఈసారి గాటు పడుతుంది. ఇక గొలుసు తప్పదు.

"నేనే తీశాను," అన్నాను.

మా అబ్బాయి సుత్తి కింద పెట్టాడు. "అమ్మా, ఇచ్చెయ్యి."

"ఇవ్వను. ఇంకోసారి వస్తే ఇస్తాను. కుక్కని కూడా అప్పుడే తీసుకెళ్ళమను."

కోడలు నా చూపు వెంట బల్ల కిందికి చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు స్టూలు జరుపుకుని బల్లకి అడ్డంగా కూర్చుంది.

"అత్తయ్య ఇవ్వనన్నారంటే ఇవ్వరన్నయ్యా. నా గొడుగు దొరకడానికి రెండేళ్ళు పట్టింది."

అన్న నవ్వాడు. అచ్చులు కదిలాయి. ఆయన కుడిది విప్పేసి, మా అబ్బాయి చెప్పులు తొడుక్కున్నాడు. మడమలు వెనక్కి వేలాడుతున్నాయి. కుడి బూటు చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"వచ్చే వారం వస్తానత్తయ్యా. అందాకా నా బూటుకి పాలు సరిగ్గా పట్టించమనండి."

అప్పుడు తెలిసింది, ఆయనా చూశాడని.

ఆ వారం పని తెమలక రాలేకపోయాడు. బూటు ఎంత ఎదిగిందో అడగమని కబుర్లు మాత్రం పంపేవాడు. మేం డాక్టరమ్మ చెప్పినట్టే చేశాం. కోడలు దొరసానిని తిప్పడానికి తీసుకెళ్ళేది, ఆ సందులో నేను ఒక బూటు లేపేసేదాన్ని. నా దొంగబుద్ధి ఇంటికి అక్కరకొచ్చింది. దొరసాని తిరిగొచ్చి మూతితో తడుముకుని, కాస్సేపు మూలిగి, పెద్దపిల్లని దగ్గరికి లాక్కునేది. మూలుగు రోజురోజుకీ తగ్గింది. పాలు ఇంకిపోయాయి. ఒక పొద్దున ఆ పెద్దబూటుని తనే బయటికి నెట్టేసి, కొలతలకి వచ్చినావిడ కాలు వాసన చూసి, తోక ఊపింది.

సంచి విప్పి శాలువా బల్ల కింద పరిచాను. గిన్నె బయట పెట్టాను. మా అబ్బాయి ఆ బూటు పంటిగాట్లు కనబడకుండా రుద్ది, పాలిష్ పట్టి, గుమ్మం పక్క అరలో పెట్టాడు. అణగకుండా నేను పేపరు కూరాను.

కోడలి అన్న మళ్ళీ రాలేదు. వానలు మొదలైన వారంలో, అడితిలో కూర్చున్నచోటే పోయాడు.