గోడ లేని నీళ్ళు

ఈతకొలనులో ఆమెను అందరూ పంతులమ్మ అంటారు. ఇరవై ఏళ్ళుగా పెద్దవాళ్ళకు ఈత నేర్పుతోంది. మెడలో ఈల, చేతిలో పొడవాటి కర్ర, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "గోడ పట్టుకున్నావా? అయితే మళ్ళీ ఒకటి నుంచి." కొలను పొడవు ఇరవై అయిదు మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరకు పదహారుసార్లు ఈదితే నాలుగు వందలు. గోడను తాకి తిరగొచ్చు గానీ, పట్టుకుని నిలబడకూడదు. పదిహేనోసారి నిలబడ్డా సరే, ఆవిడ లెక్క మొత్తం కొట్టేసేది. బ్యాంకు మేనేజరని చూడదు, పోలీసని చూడదు. ఒక డాక్టరుగారైతే మూడు నెలలు పద్నాలుగు దగ్గరే ఆగిపోయి, ఆవిణ్ణి మనసులో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టుకుని, చివరికి పదహారూ పూర్తయిన రోజున వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు.

అలాంటి మనిషి సొంత చెల్లెలికి మాత్రం దొంగ కాగితం రాసిచ్చింది.

చెల్లెలికి ఇంట్లో పేరు 'సగం'. ఆ పేరు పెట్టింది కూడా అక్కే, చెల్లెలికి ఎనిమిదేళ్ళప్పుడు. పేరు పెట్టినవాళ్ళ నోటి బలమో, పెట్టించుకున్న పిల్ల రాతో గానీ అది అలాగే అతుక్కుపోయింది. కుట్టు నేర్చుకుంటానని చేరి చొక్కాకు ఒక చెయ్యి కుట్టి మానేసింది. డిగ్రీ రెండో ఏడాదిలో వదిలేసింది. కాపురం మూడేళ్ళు చేసి వచ్చేసింది. ఆ మూడోది ఆమె తప్పు కాదని అందరికీ తెలుసు, అయినా వేళాకోళంలో దాన్నీ కలిపేశారు. నలభై రెండేళ్ళు వచ్చినా "సగం తిన్నదా? సగం లేచిందా?" అని నవ్వుతూనే ఉంటారు. ఆమె కూడా నవ్వేస్తుంది. నవ్వకపోతే గోరంతను కొండంత చేసిందంటారని భయం.

కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగదిలో ఆమె పని. ఫ్రేముకు సరిపోయేలా అద్దాల అంచులు అరగదీసి బిగించడం. ఒకరోజు ఓ రిటైరైన నర్సు వచ్చి, ఈతకు పెట్టుకునే కళ్ళద్దాలకు తన పవరు అద్దాలు బిగించి ఇమ్మంది.

"చెరువులో నా ఒడ్డు ఏదో కనపడి చావట్లేదమ్మా. పోయినవారం పక్క ఊరి ఒడ్డుకు పోయి తేలాను" అంది నర్సమ్మ.

ఊరి బయట చెరువులో ఆదివారం ఉదయాలు ఓ పదిమంది ఈదుతారని, అందులో సగం మంది యాభై దాటినవాళ్ళేనని, నీళ్ళలోంచి బయటికి వచ్చాక వారమంతా ఒంట్లో దీపం పెట్టినట్టు ఉంటుందని ఆవిడ చెప్పింది. చెల్లెలు ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్ళి, చెప్పులైనా విప్పకుండా "నాకు ఈత నేర్పు" అంది.

అక్క నేర్పింది. నేర్పడం అంటే, నేర్పుతున్నట్టే ఉంది. చెల్లెలికి శ్వాస చిన్నది, భయం పెద్దది. గోడ ఎప్పుడు వస్తుందా అని తల ఎత్తి చూసేది. అలా చూడకుండా ఉండాలని అక్క ఒక ఉపాయం చెప్పింది. "తల దించుకుని బారలు లెక్కపెట్టు. ఇరవై రెండు బారలు వేశాక చెయ్యి చాపు, గోడ నీ చేతిలో ఉంటుంది." నిజంగానే ఉండేది. ఇరవై రెండు కాగానే చెల్లెలు గోడ అంచు పట్టుకుని, కాళ్ళు కిందపెట్టి, నాలుగు గుక్కలు గాలి పీల్చుకుని మళ్ళీ బయలుదేరేది. మొదటి రోజుల్లో "గోడ పట్టుకుంటే లెక్కలోకి వస్తుందా అక్కా?" అని అడిగింది కూడా. అక్క కర్ర మీద గడ్డం ఆనించి "నీకు పర్లేదులే" అంది.

అయిదో నెలలో అలా ఆగుతూ ఆగుతూ పదహారుసార్లు ఈదేసింది చెల్లెలు. "నాలుగు వందలు! అక్కా, నాలుగు వందలు!" అని నీళ్ళలోనే గెంతింది. ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది. చెరువువాళ్ళ నియమం ప్రకారం కొత్తవాళ్ళు ఆరు వారాలు ఒడ్డు వెంటే, నడుం లోతులోనే ఈదాలి. ఆగకుండా నాలుగు వందల మీటర్లు ఈదగలరని తెలిసిన గురువు ఎవరైనా రాసిస్తే ఆ ఆరు వారాలూ అక్కర్లేదు. చెల్లెలు తడిచేతుల్తోనే కాగితం చాపింది. అక్క సంతకం పెట్టింది. రెండు వారాలు తిరగకముందే ఇదీ మానేస్తుంది, ఈలోపు ఆ సంతోషం పాడుచెయ్యడం దేనికి అనుకుంది.

చెల్లెలు మానలేదు. ఆదివారం ఉదయం ఆరున్నరకల్లా సంచి సర్దుకుని అక్క గుమ్మంలో నిలబడింది. "నువ్వు కూడా రావాలి. నువ్వు చూడాలి" అంది.

చెరువు పంతులమ్మ అనుకున్నట్టు లేదు. ఇన్నేళ్ళ నీటి బతుకులో ఆవిడ ఎన్నడూ బయటి నీళ్ళలో కాలు పెట్టి ఎరగదు. కొలనులో నీలం పలకలు కనిపిస్తాయి, అడుగు కనిపిస్తుంది, ఎవరైనా మునిగితే కర్ర అందించడానికి గట్టు నాలుగడుగుల్లో ఉంటుంది. ఇక్కడ నీళ్ళు చిక్కటి టీ రంగులో ఉన్నాయి. మోకాలి దగ్గరే తన పాదం తనకు కనిపించడం లేదు. నూరు మీటర్ల అవతల నీళ్ళలోంచి ఒక నల్ల బండ లేచి ఉంది.

ఆ గుంపుకు పెద్దదిక్కు నర్సమ్మే. అందర్నీ నిలబెట్టి చెప్పాల్సినవి చెప్పింది. ఆవిడ గొంతులో ఆసుపత్రి వార్డు ఇంకా పోలేదు.

"దూకుళ్ళూ గీకుళ్ళూ వద్దు. మెల్లిగా దిగండి, మెడ మీద నీళ్ళు చల్లుకోండి. చలికి మొదటి నిమిషం ఊపిరాడదు, కంగారు పడకుండా గాలి బయటికి వదలండి. అలసిపోతే వెల్లకిలా తిరిగి తేలండి. ఒంటరిగా ఎవరూ పోకూడదు. బయటికొచ్చాక వెంటనే పొడి బట్టలు కట్టుకోవాలి, చలి అసలు పట్టేది అప్పుడే." అని నారింజరంగు గాలిసంచులు పంచి, నడుముకు తాడుతో కట్టుకోమంది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "నీకు కాగితం ఉందిగా. నువ్వు మాతో బండ దాకా రా."

ఆ కాగితం సంగతి పంతులమ్మ ఒక్కదానికే తెలుసు. చెప్పడానికి అదే సమయం. ఒక్క మాట చాలు. కానీ అక్కడ పదకొండు మంది ఉన్నారు. అందులో ఇద్దరు ఒకప్పుడు తన దగ్గర నేర్చుకున్నవాళ్ళే, ఆవిణ్ణి చూడగానే నిటారుగా నిలబడ్డారు. చెల్లెలు టోపీలోకి జుట్టు దోపుకుంటూ పెళ్ళికి తయారవుతున్న దానిలా ఉంది. పరువు మాట అలా ఉంచితే, ఆ సంబరం మీద నీళ్ళు చల్లడానికి మనసు రాలేదు.

"నేను కూడా పక్కనే వస్తాను" అంది పంతులమ్మ.

"మీకు బయటి నీళ్ళు అలవాటేనా అమ్మా?"

"ఇరవై ఏళ్ళుగా నీళ్ళలోనే ఉన్నానండీ."

అడిగినదానికి అది జవాబు కాదు. నర్సమ్మ మర్యాదస్థురాలు కాబట్టి మళ్ళీ అడగలేదు.

నడుం దాకా దిగేసరికే పంతులమ్మ పక్కటెముకలను ఎవరో తాడేసి బిగించినట్టయింది. వందలమందికి ఊపిరి పాఠం చెప్పిన మనిషి ఊపిరి కోసం చేపలా నోరు తెరిచింది. ముఖం నీళ్ళలో పెడితే చీకటి. ఏవో మెత్తటి ఆకులు పొట్టకు రాసుకున్నాయి. ఒడ్డున ఉన్నంతసేపే పాండిత్యం అని ఆవిడకు ఆ క్షణంలో తెలిసింది, కానీ తెలిసి చేసేదేముంది. చెల్లెలు రెండు గజాల ముందు తల దించుకుని బుద్ధిగా బారలు వేస్తోంది. తన శిష్యుల్లో ఎవరూ అంత బుద్ధిగా చెప్పిన మాట వినలేదు.

పంతులమ్మకు తెలియకుండానే లోపల లెక్క నడుస్తోంది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. ముందు చెల్లెలి చెయ్యి పైకి లేచి, చాపుకుని, వేళ్ళు మూసుకున్నాయి. అక్కడ గోడ లేదు. ఒక్క క్షణం తడబడి, నీళ్ళు మింగి, మళ్ళీ ఈదింది. రెండోసారి ఇరవై రెండుకు మళ్ళీ ఆ చెయ్యి లేచింది. వేళ్ళు మళ్ళీ ఖాళీ నీళ్ళను పట్టుకున్నాయి. పంతులమ్మ "తిరుగు, వెల్లకిలా తిరుగు!" అని అరిచింది గానీ చలికి గొంతు గొణుగుడు దాటి రాలేదు. మూడోసారి చెయ్యి చాచినప్పుడు చెల్లెలి కాళ్ళు అలవాటుగా నేల కోసం కిందికి దిగాయి. నేల లేదు. మనిషి నిలువునా మునిగింది.

పంతులమ్మ అందుకుంది. అందుకోగానే చెల్లెలు ఆవిడ మెడ వాటేసుకుంది, గోడ దొరికినట్టే పట్టుకుంది. నడుముకు కట్టుకున్న గాలిసంచులు వెనక తాళ్ళ చివర తేలుతున్నా ఇద్దరికీ గుర్తు రాలేదు, ఇద్దరూ మునిగారు. మునిగేవాళ్ళ చేతికి దొరకొద్దు, కర్ర అందివ్వండి అని ఆవిడే ఏటా చెప్పే పాఠం. ఆ కర్ర ఊళ్ళో కొలను గట్టున ఉంది. చెవుల్లో హోరు, నోట్లో బురద రుచి. ఇక అయిపోయింది, నా చేతుల్తో నేనే చంపాను అని మాత్రం స్పష్టంగా అనుకుంది.

తర్వాత ఎవరో జుట్టు పట్టి లాగారు. నర్సమ్మ తన గాలిసంచిని చెల్లెలి చంకల కింద తోసి, పంతులమ్మ గడ్డం పైకెత్తి "ఆకాశం చూడమ్మా, ఆకాశం చూడు!" అని గద్దించింది. ఇద్దరు శిష్యులు చెరోవైపు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. 

పొడి బట్టలు కట్టి, రెండు దుప్పట్లు చుట్టి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి ఇచ్చారు. చెల్లెలు గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుంది.

"సారీ అక్కా" అంది. "నీ పరువు తీసేశాను. నువ్వంత ఓపిగ్గా నేర్పావు, నేనే..."

"తప్పు నాది" అంది నర్సమ్మ. "కాగితం చూసి తీసుకుపోయా. ఒకసారి ఒడ్డు వెంట ఈదించి చూసుకోవాల్సింది."

తన తప్పును ఇద్దరు పంచుకుంటూ ఉంటే మధ్యలో కూర్చుని వినడం ఎంత కష్టమో పంతులమ్మకు తెలిసింది. కక్కలేక, మింగలేక సతమతమైంది. ఊరుకుంటే గండం గడిచిపోతుంది, ఎవరూ అడగరు కూడా. కానీ చెల్లెలు ఇంకోసారి "సారీ" అనేసరికి ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆ కాగితం అబద్ధం" అంది.

నర్సమ్మ ముఖం గట్టిపడింది. "ప్రాణాల మీదికి తెచ్చే అబద్ధమమ్మా అది" అని, అక్కచెల్లెళ్ళను వదిలి రెండడుగులు దూరం జరిగింది.

చెల్లెలికి ఇంకా అర్థం కాలేదు. "అబద్ధమేంటి? పదహారుసార్లు ఈదానుగా. నువ్వేగా లెక్కపెట్టింది."

"ప్రతిసారీ గోడ పట్టుకుని నిలబడ్డావు."

"నువ్వు పర్లేదన్నావు."

"అన్నాను."

"మిగతావాళ్ళకు కూడా పర్లేదంటావా?"

"అనను."

చెల్లెలు గ్లాసు కింద పెట్టింది. "మరి నాకెందుకన్నావు?"

"నువ్వు బాధపడతావని."

"మిగతావాళ్ళు బాధపడరా?" చెల్లెలి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, అయినా మాట ఎక్కడా తడబడలేదు. "అది కాదులే అక్కా. నేనెలాగూ మధ్యలో మానేస్తాననుకున్నావు. మానేసేదానికి సరిగ్గా నేర్పడం దండగనుకున్నావు. అంతేనా?"

కాదు అందామని పంతులమ్మ నోరు తెరిచింది. రెండక్షరాల మాట. ఇవాళ్టి దాకా ఆడిన అబద్ధాల పక్కన అదేం పెద్దది కాదు, కానీ రాలేదు. ఆ మౌనం చూసి చెల్లెలు తల ఊపింది, దుకాణంలో అద్దం ఫ్రేములో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకున్నట్టు. ఎప్పటిలా నవ్వేస్తుందేమోనని అక్క ఆశగా చూసింది. ఆమె నవ్వలేదు.

దుప్పటి చుట్టుకునే లేచి నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. "వచ్చే ఆదివారం నుంచి నన్ను ఒడ్డు వెంట ఈదేవాళ్ళలో వెయ్యండి. ఆరు వారాలంటే ఆరు వారాలు. గోడ లేకుండా మొదట్నుంచీ నేర్పండి."

"భయం తగ్గాకే రా అమ్మా. తొందరేం లేదు."

"భయం ఎప్పుడు తగ్గుతుందో తెలీదండీ. వచ్చే ఆదివారం మాత్రం వస్తాను."

నర్సమ్మ ఆమె భుజం తట్టి, తన కారులో ఇంటి దగ్గర దింపుతానంది. పంతులమ్మ వణుకుతూనే లేచి వెంట నడిచింది.

"వచ్చేవారం నేను కూడా తోడు వస్తానే. నీళ్ళలోకి దిగను. ఊరికే ఒడ్డున నిలబడతాను."

చెల్లెలు కారు తలుపు పట్టుకుని ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని అక్కకు అనిపించింది.

"వద్దక్కా. నువ్వు ఒడ్డున కనిపిస్తే నా కాళ్ళు మళ్ళీ నేల కోసం కిందికి పోతాయి" అని లోపల కూర్చుని తలుపు వేసుకుంది.