మొక్కని మొక్కు

చైతన్యపురి వెనక సందులో ఆ మూడంతస్తుల మేడ మొన్నటిదాకా ఇంటరు ఆడపిల్లల హాస్టల్. పిల్లలు తగ్గేసరికి ప్రసన్నకుమార్ బోర్డు మార్చేసి, అవే మంచాల మీద ముసలివాళ్ళను చేర్చుకున్నాడు. వార్డెన్ బుద్ధి మాత్రం అలాగే ఉంచుకున్నాడు.

వృద్ధాశ్రమాల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే ఉదయలక్ష్మికి ఇలాంటివాళ్ళను చూస్తేనే ఒళ్ళు మంట. హాల్లో అడుగుపెట్టగానే ఆ మంట రెట్టింపయింది. వరసగా మంచాల మీద కూర్చున్న ఆడవాళ్ళందరికీ నున్నటి గుండ్లు.

"యాదగిరిగుట్ట మొక్కు మేడం. పోయిన నెల బస్సు పెట్టి తీసుకెళ్ళాం. పెద్దవాళ్ళు ముచ్చటపడ్డారు," అన్నాడు ప్రసన్నకుమార్, ఆమె అడగకముందే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

ఫిర్యాదు చేసింది ఎల్‌బీ నగర్‌లో బట్టలు కుట్టే జ్యోతిక. "దసరాకు మా పెద్దబాపు పోయిండు మేడం. గా ఎంటనే పెద్దమ్మ కాలు ఇరిగింది. చూసేటోళ్లు లేక ఆడ జేర్పించిన. బలవంతంగ గుండు కొట్టిండ్రు. అడిగితే నాతోని కూడ మొక్కు అంటది. బెదిరిచ్చిండ్రు," అని ఏడ్చింది. ఆ పెద్దమ్మ అండాలమ్మ. ఆమె తన నోటితో చెబితేనే ఫిర్యాదు నిలుస్తుంది. లేకపోతే మళ్ళీ వీడి చేతికిందే బతకాలి, అదీ ఫిర్యాదు చేయించిన మనిషిగా.

ఉదయలక్ష్మి ప్రసన్నకుమార్‌ను బయటికి పొమ్మంది. అతను గుమ్మం దాటి అక్కడే నిలబడ్డాడు.

"అండాలమ్మగారూ, మీ జుట్టు ఎవరు తీశారు?"

"ఎవ్వలు తియ్యలే బిడ్డా. మొక్కు."

"మీరే మొక్కుకున్నారా?"

"నేనే మొక్కుకున్న." చూపు మాత్రం గుమ్మం వైపే ఉంది.

"విన్నారుగా," అన్నాడు ప్రసన్నకుమార్ బయటినుంచే. "ఇక ఆ ఫిర్యాదు కొట్టేసి, ఓ కాఫీ తాగి వెళ్ళండి మేడం."

ఆ కాఫీ మాటకి వాడి చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది ఉదయలక్ష్మికి. దిగమింగుకుంది. అప్పుడు, అండాలమ్మ భర్త దసరాకు పోయాడని జ్యోతిక చెప్పింది గుర్తొచ్చింది. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా ఎవరూ గుట్టెక్కరు. తమ గుంటూరు వైపూ అంతే, అండాలమ్మ వాళ్ళ నల్గొండ పల్లెల్లోనూ అంతే. ప్రసన్నకుమార్ అబద్ధం అల్లేటప్పుడు ఆ సంగతి మరిచిపోయాడు. ముసలామెను ఆ సంగతితోనే గుచ్చడానికి తనకు మనసొప్పలేదు, కానీ వేరే దారీ లేదు.

"మీ ఆయన పోయి ఏడాదైనా కాలేదు," అంది కటువుగా, గదంతా వినబడేలా. "మైలతోనే వెళ్ళి స్వామి గడప తొక్కారా? ఇంత వయసొచ్చింది, ఆమాత్రం తెలీదూ?"

అండాలమ్మ తల చివ్వున లేచింది. గుండు కొడితే పడింది, అబద్ధమాడమంటే ఆడింది. ఈ మాట మాత్రం పడలేకపోయింది.

"ఏం మాట్లాడుతున్నవమ్మా? మైలతోని నేను గుట్టెక్కుతనా? గంత సోయి లేనిదాన్నా?" మంచం పట్టె మీద చెయ్యి చరిచింది. "గుట్ట లేదు, బస్సు లేదు! పేలు పడ్డయని బాత్‌రూంల కూసోబెట్టి, ఇద్దరు నా రెక్కలు పట్టుకుంటే మిషిన్ పెట్టిండ్రు. వద్దు వద్దని మొత్తుకున్న. నోరిప్పితే అన్నం బంద్ అన్నడు. ఆడ నిలబడ్డడు సూడు, ఆయనే!"

"ఆవిడకి మతి తప్పిందండీ," అంటూ ప్రసన్నకుమార్ లోపలికి దూసుకొచ్చాడు.

"నాకు మతి మంచిగనే ఉన్నది," అంది పక్క మంచం మీది రాములమ్మ. "నన్ను గూడ గట్లనే పట్టుకున్నరు." ఆ వెనక ఇంకో గొంతు లేచింది. ప్రసన్నకుమార్ ఎవరివైపు తిరగాలో తెలియక నడిమధ్య నిలబడిపోయాడు.

ఉదయలక్ష్మి అండాలమ్మ పక్కన కూర్చుని, అంత మాట అన్నందుకు క్షమించమంది. ముసలామె అది వినిపించుకోలేదు. గుండు మీద చెయ్యి పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చేసింది.

"స్వామికిస్తే పుణ్యమన్న దక్కుతుండె బిడ్డా. నా ఎంటికలు తీస్కపోయి చెత్తబుట్టల ఏసిండ్రు."