అమాస నాటి మగ్గం

బయటి దేశాల్లో ఇంగ్లీషు చెప్పుకుని బతికేవాళ్లకు ఏ దేశమూ నిలకడ కాదు. ఒప్పందం ముగుస్తుంది, దానితోపాటే వీసా ముగుస్తుంది. బడివాళ్లు నవ్వుతూ చెయ్యి ఊపుతారు. పెట్టె సర్దుకుని, పక్క దేశంలో ఎవరికి టీచరు కావాలో వెతుక్కోవాల్సిందే. ఎమ్మిగనూరు నేతగాళ్ల పిల్ల ఉమారాణికి థాయిలాండులో ఉన్నన్నాళ్లలో ఈ సంగతి బాగా వంటబట్టింది. అందుకే అక్కడి బడి మూతపడితే ఆమె గుండెలు బాదుకోలేదు. ఇంటికి వచ్చి, అమ్మ చేతి జొన్నరొట్టెలు తింటూ కొత్త దేశానికి సిద్ధమైంది.

ఆ కొత్త దేశానికి పిలిచింది అనిల్. వెనక వీధి నాగప్ప, దేవక్కల ఒక్కగానొక్క కొడుకు. థాయిలాండులో ఉమారాణి ఉన్న ఊళ్లోనే కొన్నాళ్లు టీచరుగా చేసి, ఆమెకంటే ముందే దేశం మారాడు. పెద్ద కోచింగ్ సెంటరని, వీసా, టికెట్టూ వాళ్లే చూసుకుంటారని, నువ్వు వస్తే చాలని ఫోనులో ఊదరగొట్టాడు. అన్నట్టే టికెట్లు వచ్చాయి. ఆదోనిలో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి విమానం. బయలుదేరే రోజు చూసి ఆమె తల్లి అరుణకుమారి ముఖం ముడుచుకుంది.

"అమాస నాడు ప్రయాణమేందే? ఇంగో రోజు దొరకలేదా వాళ్లకు?"

"వాళ్లకు అమాస గిమాస ఏం తెలుసు మా" అని నవ్వేసింది ఉమారాణి.

నవ్వింది గానీ, లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అనిల్ ఎప్పుడు వీడియోలో కనబడినా వెనక ఒకే తెల్లగోడ. కిటికీ లేదు. పిల్లల గోల లేదు. పిల్లలున్న చోట గోల లేకుండా ఎట్లా ఉంటుందో ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన ఆమెకు అంతుపట్టలేదు. కొత్త ఉద్యోగం మీద ఆశ చెడ్డది. ఇంకా క్లాసులు మొదలై ఉండవులే అని తనకు తానే సర్ది చెప్పుకుంది.

ప్రయాణం దగ్గర పడిందని దేవక్క కొడుకు కోసం చెనిక్కాయల పొడి, ఎండబెట్టిన మిరపకాయలు మూట కట్టుకుని వచ్చింది. ఆమె కూర్చోగానే అనిల్ వీడియో ఫోను. ఉమారాణి అందరికీ వినబడేలా పెట్టి దేవక్క చేతికిచ్చింది.

"ఎట్లుండావు నాయనా? తింటాండావా?"

"బాగున్నాను అమ్మా. ఇక్కడ అన్ని సౌకర్యాలూ ఉన్నాయి."

"సౌకర్యాలంట!" అని దేవక్క అరుణకుమారి వైపు చూసి మురిసిపోయింది. "మావాడు అచ్చం టీవీలో మాట్లాడినట్ల మాట్లాడతాండాడు."

ఉమారాణి మురవలేదు. వాడి ముఖం ఉబ్బి ఉంది. మాట్లాడే ముందు ప్రతిసారీ కళ్లు పక్కకు పోతున్నాయి. పక్కనెవరో మగమనిషి, మన ప్రాంతం యాస కాదు గానీ తెలుగే, "టికెట్ సంగతి అడుగు" అని గొణగడం వినబడింది.

"అక్క టికెట్ అందింది కదా అమ్మా. అక్కను తప్పకుండా పంపించండి" అన్నాడు అనిల్. "నాయనకు ఒక మాట చెప్పు. అమాస నాడు ఎప్పటిలాగే మగ్గంలో కూర్చోమను. మనింటికి కలిసొచ్చే రోజు కదా."

దేవక్క నోరు తెరిచింది. ఏం అనబోయిందో గానీ, అంతలోనే అటునుంచి ఫోను కట్టయింది. ఆ క్షణాన అది కట్టవడమే మేలైంది.

"వీనికేం పుట్టింది? బయటి దేశం పోతే ఇంటి ఆచారం గూడా మర్సిపోతారా?" అని దేవక్క చిన్నబుచ్చుకుంది.

నేతగాళ్ల ఇళ్లలో అమాస మగ్గానికి సెలవు. ఆ రోజు నేస్తే ఇంటికి చేటని నమ్మకం. నాగప్ప పట్టింపు మరీ ఎక్కువ. ఒళ్లు కాలే జ్వరంలోనూ మగ్గం దిగని మనిషి, అమాస వస్తే మాత్రం మగ్గం కింది గుంతలో కాలు పెట్టడు. చిన్నప్పుడు అనిల్ ఒక అమాస నాడు ఆటకని మగ్గం గుంతలో దిగితే, వాడి వీపు విమానం మోత మోగింది. ఆ ఏడుపు ఉమారాణి ఇంటిదాకా వినబడింది. అలాంటివాడు ఆ దెబ్బలు మరిచిపోతాడా?

జరగని పనిని ఎప్పటిలాగే చెయ్యమంటున్నాడంటే, తను చెప్పేదేదీ నిజం కాదని చెబుతున్నాడు. బాగున్నానన్నదీ, అన్నీ ఉన్నాయన్నదీ, అక్కను పంపమన్నదీ. పక్కనున్నవాడికి తెలుగు తెలుసు గానీ మగ్గం తెలియదు.

"పెద్దమ్మా" అంది. "వాడు మర్సిపోలేదు. వాణ్ణి యాడో పెట్టి కట్టడి చేసినారు. నన్ను రావద్దంటాండాడు."

దేవక్క చేతిలో మూట జారింది. మిరపకాయలు నేలంతా పరుచుకున్నాయి.

మరునాడు పొద్దున్నే నాగప్పను వెంటబెట్టుకుని ఉమారాణి ఆదోని పోలీసుల దగ్గరికి వెళ్లింది. అక్కడి ఆఫీసరు మర్యాదగానే విన్నాడు, ఫిర్యాదు రాసుకున్నాడు, పైవాళ్లకు పంపుతామన్నాడు. టీచర్లని, కంప్యూటర్ పని అని పిలిపించుకుని గదుల్లో పెట్టి, ఫోన్లలో జనాన్ని మోసం చేయించే ముఠాలున్నాయని చెప్పాడు. "ఇంకో మనిషిని రప్పిస్తే వదుల్తామని ఆశ పెడతారు. మీరు రావడం లేదని మాత్రం ఇప్పుడే తెలియనీయొద్దు. మాకు కొంచెం టైమ్ కావాలి" అన్నాడు.

తిరుగు బస్సులో నాగప్ప కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. ఉమారాణిని ఇంకొక భయం తినేస్తోంది. తాము గ్రహించామని అనిల్‌కు తెలియదు. తెలియలేదనుకుంటే మళ్లీ ఇంకేదో చెబుతాడు, ఈసారి ఇంకాస్త విప్పి చెబుతాడు. పక్కనున్నవాడికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత వాణ్ణేం చేస్తారో తలుచుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాల్లేదు. తను రైలెక్కితే వాణ్ణి వదులుతారేమోనన్న పిచ్చి ఆలోచన కూడా ఒకసారి వచ్చి పోయింది.

"సరే, అమాస నాడు కూర్చుంటానని ఫోనులో అంటే సాలదా?" అన్నాడు నాగప్ప ఉన్నట్టుండి.

"అట్ల ఎవురైనా అంటారు పెద్దనాయనా. మనం ఉత్త మాటగా తీసుకున్న్యామనుకుంటాడు."

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

అమాస వచ్చింది. వీధిలో మగ్గాలన్నీ నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో నాగప్ప ఇంట్లో అందరూ ఫోను చుట్టూ కూర్చున్నారు. ఆదోనికి బయలుదేరాల్సిన వేళకు అది మోగింది. ఈసారి వీడియో లేదు, ఒట్టి గొంతే.

"అక్కా, బయలుదేరావా?"

"పెద్దమ్మకు సెప్పి పోదామని వచ్చినా తమ్ముడూ. ఈణ్ణుంచే ఆదోనికి పోతాండా."

అటునుంచి వాడి ఊపిరి బరువుగా వినబడింది. "అక్కా, నేను మొన్న చెప్పింది..." అన్నాడు. ఆ గొంతులో తెగింపు ఉమారాణికి తెలిసింది. విప్పి చెప్పేస్తున్నాడు.

"ఒక్క నిమిషం ఉండు తమ్ముడూ" అని ఆమె నాగప్ప వైపు చూసింది. ఆయన అప్పటికే లేచాడు.

దేవక్క అడ్డం వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఫోనులో వినబడకూడదని నోరు మెదపకుండా, వద్దని తల అడ్డంగా ఊపింది. కొడుకు ప్రాణం గాలిలో ఉన్నప్పుడు దేవుడికి కోపం తెప్పించడానికి ఆ తల్లికి భయమే. నాగప్ప ఆమె చెవి దగ్గర వంగి, "ఇంటికి సేటంట. ఇంగేం సేటు రావల్లనే ఈ ఇంటికి?" అన్నాడు.

మగ్గానికి దండం పెట్టాడు. గుంతలోకి కాళ్లు దించాడు. దారపు నాడెను ఆ పక్కకు విసిరి, పోగును బిగించే పలక లాగాడు. ఆ విసురుకు దారం తెగింది. ముడివేసి మళ్లీ లాగాడు. ఈసారి పలక గట్టిగా పడింది. మళ్లీ పడింది. ఊరంతా మూగబోయిన పూట ఆ ఒక్క ఇంట్లో మగ్గం మోగింది.

ఉమారాణి ఫోనును మగ్గం దగ్గరికి చాపింది.

"వినపడతాందా తమ్ముడూ? నువ్వు సెప్పినట్లే మీ నాయన మగ్గంలో కూర్చున్యాడు."

"ఏంటా చప్పుడు?" అని పక్కనున్నవాడు అడిగాడు.

"మగ్గం" అన్నాడు అనిల్. "మా నాయన. రోజూ నేస్తాడు." తర్వాత వాడి మాటల్లో టీవీ తెలుగు పోయింది. "వినపడతాంది అక్కా. ఇంగ నేను సెప్పాల్సిందేం లేదు. నువ్వు రైలెక్కు."

ఫోను కట్టయింది. దేవక్క గోడకు జారగిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఉమారాణి ఆ పోలీసు ఆఫీసరుకు ఫోను కలుపుతూ, "సాలు పెద్దనాయనా, కట్టయింది. ఇంగ దిగు" అంది.

నాగప్ప దిగలేదు. కొడుక్కి ఇంకా వినబడుతున్నట్టే, తలెత్తకుండా నేస్తూ ఉన్నాడు.